తెల్లదారం కట్టని చోటు

లాండ్రీ కౌంటర్ వెనక నుంచి,
వానలు మొదలైన వారం

వదినా,

ఈ సంచి విప్పగానే నువ్వు తిట్టే తిట్లు నాకు ఇక్కడికే వినిపిస్తున్నాయి. ముందు ఉత్తరం చదువు, తరవాత తీరిగ్గా తిట్టుకో.

సంచిలో ఉన్న ప్యాంటు ఒక లాయరు గారిది. మోకాలి పైన సిగరెట్టు నిప్పు పడి కాలింది. మేం కాల్చలేదు, ఆయనే కాల్చుకున్నాడు. కానీ మా దగ్గరికి వచ్చాకే కాలిందని ఆయన వాదన. లాయరు కదా, ఆయనతో వాదించి గెలిచేవాళ్లెవరు? మా యజమానికి ముచ్చెమటలు పోశాయి. ఆయన్ని మేమంతా చాటుగా గంజిగారు అంటాం. మనిషి అలాగే ఉంటాడు, నిలువునా బిగుసుకుపోయి, ఎటూ వంగకుండా. "కొత్త ప్యాంటు కొనివ్వాల్సిందేనా?" అని తల పట్టుకుని కూచుంటే నా నోరు ఊరుకోలేదు. "మాకు తెలిసిన చోట పూడ్పిస్తానండీ, ఎక్కడ కాలిందో ఆయనకే తెలీదు" అనేశాను.

అన్నయ్య ఆఫీసు ప్యాంటు కుర్చీ మేకుకు పట్టి చిరిగినప్పుడు నువ్వు పూడ్చింది గుర్తుందా? చిరుగు ఎక్కడుందో కనిపెడతానని అన్నయ్య నాతో పందెం వేసి, ప్యాంటుని కిటికీకి అడ్డంగా పట్టుకుని పొద్దస్తమానం వెతికి, చివరికి "ఇది వేరే ప్యాంటు" అన్నాడు. ఆ ధైర్యంతోనే అన్నాను.

బస్సు కండక్టరు మంచివాడు, సంచి భద్రంగా ఇస్తాడు. గది బాగుంది. నాతో ఉండే నర్సు గురక పెడుతుంది కానీ మనసు మంచిది. నన్ను ఉద్యోగానికి పంపనని అన్నయ్య భీష్మించుకున్నప్పుడు నువ్వు అడ్డం పడకపోతే ఈ కౌంటరు నాకెక్కడిది? ఆ మాట మరిచిపోలేదు.

నీ పిచ్చిక

*

ముందు గది, కిటికీ పక్క నుంచి

పిచ్చికా,

తిట్టాను. నోరారా తిట్టాను. ఊళ్లో వాళ్ల సిగరెట్టు చిల్లులన్నీ నా నెత్తిన పెడతావా అని గోడతో చెప్పుకున్నాను. తరవాత ప్యాంటు తిరగేసి చూశాను. మంచి ఉన్ని గుడ్డ. చూశాక చెయ్యి ఆగుతుందా?

ఇలాంటి పనిలో కొత్త దారం పనికిరాదు. ఎంత వెతికి తెచ్చినా ఆ రంగు రాదు, వాడి వాడి వచ్చిన ఆ మెత్తదనం అసలే రాదు. ఆ గుడ్డకి ఆ గుడ్డ దారమే కావాలి. కాళ్ల దగ్గర లోపలికి మడిచి కుట్టిన మడత ఉంటుంది కదా, అందులోంచి పోగులు లాగాను. కాలిన చోట నిలువు పడుగు ఎటు పోతోందో, అడ్డం పేక ఎటు పోతోందో చూసుకుంటూ ఒక్కో పోగూ సూదితో నేసుకుంటూ పోయాను. చిన్న మగ్గం ఒకటి మోకాలి మీద పెట్టుకున్నట్టే. అమ్మ నాకు ఇది నేర్పింది డబ్బులకి కాదు. ఇంట్లో పెద్దవాళ్ల బట్టలు చిన్నవాళ్లకి దిగుతుంటే, పాతవి వేసుకున్నామని బళ్లో ఎవరూ అనకూడదని.

ఇక ఇక్కడి సంగతి. నీకు చెప్పకూడదనుకున్నాను, కానీ కడుపులో ఆగడం లేదు. ఈ ముందు గదిని మీ అన్నయ్య అద్దెకిచ్చేస్తాడట. వీధి చివర జిరాక్సు మిషను పెట్టుకున్నతను వచ్చి చూసిపోయాడు. ఎండాకాలం మొదలయ్యేసరికి వస్తాడట. "నువ్వు కుట్టుకోవడానికి వంటింటి పక్క గది చాలదా?" అంటాడు మీ అన్నయ్య. ఆ గదిలో పట్టపగలు బల్బు వెయ్యాలి. బల్బు కింద నల్ల దారం, ముదురు నీలం దారం ఒక్కలాగే ఉంటాయి. ఈ కిటికీ వెలుతురు పోయిందంటే నా పని పోయినట్టే, అది ఆ మనిషికి ఎలా చెప్పేది? చెప్పాను. పోట్లాడాను కూడా. చివరికి "గదికి వచ్చే అద్దె నీ సూది తెచ్చిపెడితే గది నీదే. నేను అడ్డు చెప్పను" అన్నాడు. వెటకారానికే అన్నాడనుకో. నేను మాత్రం మాటంటే మాటే అన్నాను.

కాబట్టి తిట్లు వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకేమైనా కాలితే పంపు.

మీ వదిన

*

లాండ్రీ కౌంటర్ వెనక నుంచి

వదినా,

నీ పని చూసి ఏడవాలో నవ్వాలో తెలియడం లేదు.

లాయరు గారు ప్యాంటు తీసుకున్నాడు. మోకాలి దగ్గర చూశాడు, అద్దాలు పెట్టుకుని చూశాడు, వీధిలోకి తీసుకెళ్లి ఎండలో చూశాడు. చివరికి వచ్చి "ఏం చేశారని డబ్బులడుగుతున్నారు? ఇక్కడ చిల్లేం లేదే!" అన్నాడు. అంతకు ముందు వారం ఆ చిల్లు కోసం కోర్టుకెళ్తానన్న మనిషి! గంజిగారు నోరు వెళ్లబెట్టి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. కనపడితే పని బాగాలేదంటారు, కనపడకపోతే పనే చెయ్యలేదంటారు. ఇలాంటి విద్య ఎక్కడైనా ఉందా వదినా?

బాగా ఆలోచించి ఒక ఉపాయం పన్నాను. పూడ్చడం అయ్యాక, ఆ చోట తెల్లదారంతో చిన్న ముడి కట్టి, దాని తోక వదిలెయ్. కౌంటర్ దగ్గర బట్ట వాళ్ల ముందు పరిచి, "ఇదిగోండి, ఇక్కడుండేది" అని ముడి చూపించి, వాళ్ల కళ్లెదుటే కత్తిరిస్తాను. ముడి పోయాక ఆ చోటేదో మళ్లీ వాళ్లనే కనిపెట్టమంటాను. నువ్వు తరవాత పూడ్చి పంపిన కిరాణా కొట్టాయన కోటుతో నిన్న ఇదే చేశాను, చిరుగు చోటు ముందే గుర్తుపెట్టుకుని దారం నేనే కట్టి. వరసలో ఉన్నవాళ్లంతా పని మానుకుని వెతికారు. ఒకామె "ఇదేం గారడీ!" అని ముక్కున వేలేసుకుంది. గంజిగారి ముఖం మొదటిసారి వంగడం చూశాను, నవ్వుకే లే.

ఇప్పుడు కౌంటర్ మీద అట్ట పెట్టించాడు, చిరుగులు కనపడకుండా పూడ్పించబడును అని. ఎవరు చేస్తారని అడుగుతున్నారు. ఏదో చెప్పాను, అదంతా నాకు వదిలెయ్. ఈ సంచిలో రెండు కోట్లు, ఒక స్వెట్టరు ఉన్నాయి. గది మనదే. జిరాక్సు వాణ్ని ఇంకో వీధి చూసుకోమను.

పిచ్చిక

*

ముందు గది, కిటికీ పక్క నుంచి,
చలి మొదలయింది

పిచ్చికా,

తెల్లదారం బాగా పనిచేసింది. మొదట్లో నాకు కష్టంగానే ఉండేది. ఎవరికీ కనపడకూడదని కళ్లు గుంజేలా పనిచేసి, చివరికి నేనే జెండా పాతుకోవడమేంటని. కానీ ముడి వేస్తుంటే ఇప్పుడు ఒక గర్వం వస్తోంది సుమా. ఈ చోట నేనున్నాను అని చెప్పుకున్నట్టుంటోంది.

నీ సంచులు వారం వారం బరువెక్కుతున్నాయి. పక్క వీధుల వాళ్లు కూడా వస్తున్నారు. పాల డిపో ఆవిడ వాళ్ల అబ్బాయి పెళ్లిచూపులకి వేసుకెళ్లాల్సిన చొక్కా ఎలక కొరికిందని లబోదిబోమంటూ వచ్చింది. పూడ్చి ఇచ్చాను. సంబంధం కుదిరింది, అదంతా నా చలవే అని చెప్పుకుంటోంది. కాదనడానికి నాకేం పట్టింది?

మీ అన్నయ్య గదిలోకి వస్తూ ఇప్పుడు చెప్పులు బయట వదులుతున్నాడు. నేను అడగలేదు. బట్టల మీద దుమ్ము పడుతుందని ఆయనకే తోచింది కాబోలు. కానీ నిన్న జిరాక్సతను టేపు తెచ్చి గది కొలుచుకుపోయాడు. నేను కిటికీ దగ్గర కూచునే ఉన్నాను. నన్ను కూడా కొలిచేవాడే, మర్యాద అడ్డొచ్చి ఆగాడు. మీ అన్నయ్య అతన్ని ఆపలేదు. అద్దె మొత్తానికి దగ్గరికొచ్చాను గానీ, ఇంకా అందలేదు. ఎండాకాలంలో ఉన్ని బట్టలు రావు కదా, అప్పుడు ఎలా అని అడుగుతున్నాడు. ఈ చలిలోనే పదిమంది నోళ్లలో నానాలి. నా పేరు స్థిరపడితే ఎండాకాలం చీరలొస్తాయి, పరదాలొస్తాయి.

అవునూ, నన్ను గురించి ఏమనుకుంటున్నారు అక్కడ? రాయడం మానకు. నాకు వినాలనుంది, సిగ్గులేకుండా అడుగుతున్నాను.

మీ వదిన

*

లాండ్రీ కౌంటర్ వెనక నుంచి

వదినా,

ఏమనుకుంటారు, నీ చేతికి దణ్ణం పెడుతున్నారు. ఇంతకంటే ఇప్పుడు రాయడానికి టైము లేదు, వరస తలుపు దాటింది.

సంచిలో అన్నిటికంటే పైన పెట్టిన శాలువా జాగ్రత్త. అది బ్యాంకు మేనేజరమ్మ గారిది. ఆవిడ కౌంటర్ దగ్గరికొస్తే గంజిగారు లేచి నిలబడతాడు. ఇంటిల్లిపాది బట్టలు మన దగ్గరికే పంపుతుంది. ఒక్క మాట ఎక్కువ మాట్లాడదు, ఒక్క నవ్వు నవ్వదు. వాళ్లమ్మగారి శాలువాట. అంచు దగ్గర ఇస్త్రీపెట్టె అంటుకుని కమిలింది. "ఇది బాగా చేస్తే బ్యాంకంతా మన దగ్గరికే వస్తుంది, చెడితే బ్యాంకంతా పోతుంది" అన్నాడు గంజిగారు. ఆవిడ నాకు చెప్పింది ఒకటే మాట, "అంచు ఒక్కటీ చూడమని చెప్పు."

నీకు చెప్పేంతదాన్ని కాను గానీ, ఇది గెలిస్తే గది గెలిచినట్టే.

పిచ్చిక

*

ముందు గది, కిటికీ పక్క నుంచి

పిచ్చికా,

శాలువా పంపుతున్నాను. విప్పి చూడు, చూసి కళ్లకద్దుకో. ఇంత మంచి పని నేను ఇప్పటివరకూ చెయ్యలేదు, మళ్లీ చేస్తానో లేదో కూడా తెలియదు.

బూడిద రంగు ఉన్ని. ఏ పువ్వూ, ఏ గీతా లేదు. రెండు వైపులా ఒక్కటే. ఏ వైపు కప్పుకున్నా తప్పు లేదు. కోటుకైతే లోపలివైపు దారం కొసలు కొంచెం వదులుతాను, ఎవరు చూడొచ్చారు? శాలువాకి లోపలివైపు అంటూ లేదు కదా. కొసల్ని కూడా పోగుల మధ్యకి తోసేసి మాయం చేశాను. అంచు కమిలిన చోట తెల్లదారం కట్టాను, చూపించి కత్తిరించు.

ఇంకో సంగతి. శాలువా కిటికీకి ఎత్తి చూస్తుంటే మధ్యలో ఎక్కడో ఇంకో చిల్లు కనపడింది. వేలు పట్టేంత ఉంటుంది. పాపం ఆవిడ చూసుకోలేదేమో అనుకున్నాను. అంత మంచి శాలువాకి ఒక చిల్లు ఉంచి పంపితే నా చెయ్యి ఊరుకుంటుందా? అది కూడా పూడ్చేశాను. అడగని పని కాబట్టి దానికి తెల్లదారం కట్టలేదు, డబ్బులూ వద్దు. నా తరఫున ఆవిడకి అదొక కానుక. ఏదో ఒకరోజు ఆవిడే చూసుకుని, "అరే, ఈ చిల్లు ఏమైంది!" అని ఆశ్చర్యపోవాలి. అది తలుచుకుంటే నాకే నవ్వొస్తోంది.

వచ్చే వారం జిరాక్సతను అడ్వాన్సు తెస్తాడట. తేనీ. ఈ శాలువా చూశాక మేనేజరమ్మ నన్ను వదులుతుందా?

నీ వదిన, కాలర్ లేకపోయినా ఎగరేస్తున్న వదిన

*

గది నుంచి, కౌంటర్ నుంచి కాదు

వదినా,

ఎలా రాయాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాసేస్తాను.

మేనేజరమ్మ వచ్చింది. అంచు చూపించాను, ముడి కత్తిరించాను, తల ఊపింది. ఆవిడకి నచ్చింది వదినా, ముఖం కొంచెం విప్పుకుంది కూడా. తరవాత శాలువా భుజాల మీద వేసుకుని, చేత్తో దాని మీద ఏదో తడుముకోవడం మొదలుపెట్టింది. తీసి అటు తిప్పి వేసుకుంది, మళ్లీ ఇటు తిప్పింది. కౌంటర్ మీద పరిచి రెండు చేతులతో వెతికింది. "ఇక్కడ ఒక చిల్లుండాలి" అంది. నేను బుద్ధిలేనిదాన్ని, సంతోషంగా "అది కూడా పూడ్చేశామండీ, డబ్బులేం వద్దు" అన్నాను.

ఆవిడ ఏడ్చింది వదినా. వరసలో అందరి ముందూ ఏడ్చింది. చిన్నప్పుడు వాళ్లమ్మ ఈ శాలువా కప్పుకుని ఒళ్లో పడుకోబెట్టుకునేదట. ఆ చిల్లులో వేలు దూర్చుకుంటేనే ఈవిడకి నిద్ర వచ్చేదట. అమ్మ పోయింది. ఇప్పటికీ ఒంట్లో బాగాలేనప్పుడు, బ్యాంకులో గొడవలైనప్పుడు, దాన్ని కప్పుకుని ఆ చిల్లులో వేలు పెట్టుకుంటుందట. "మా అమ్మ ఎన్నిసార్లు పూడ్చబోయినా ఏడ్చి గోల చేశాను. అంచు ఒక్కటీ చూడమని చెప్పాను కదా!" అంది. నేను ఆ మాట నీకు రాశాను, వదినా. రాశాను కదా?

ఎక్కడుండేదో కనిపెడదామని నేనూ వెతికాను, గంజిగారూ వెతికాడు. నీ పని కదా, దొరుకుతుందా? గంజిగారు సాయంత్రం అట్ట తీసేశాడు. ఇక చిరుగులేవీ తీసుకోవద్దన్నాడు.

ఇంకోటి కూడా చెప్పెయ్యాలి. మొదటి రోజు ఎవరు చేస్తారని అడిగినప్పుడు, ఇంట్లో కూచుని కుట్టే ఆవిడ అంటే గంజిగారు ఒప్పుకోడని భయమేసింది. పెద్ద మేస్త్రి ఒకాయన ఉన్నాడని చెప్పాను. రాజుల కోట్లు పూడ్చాడని చెప్పాను. మీసాలున్నాయని కూడా చెప్పాను, ఎందుకు చెప్పానో నాకే తెలీదు. మేనేజరమ్మ ఆ మేస్త్రి అడ్రసు ఇవ్వమని పట్టుబట్టింది. ఇచ్చేశాను. ఆవిడ మన ఇంటికి వస్తోంది.

నన్ను ఎంత తిట్టినా పడతాను.

పిచ్చిక

*

ముందు గది నుంచి

పిచ్చికా,

నాకు మీసాలు పెట్టావా?

ఇన్నాళ్లూ నా చేతికి దణ్ణం పెడుతున్నారని రాస్తే పొంగిపోయాను. ఆ దణ్ణాలన్నీ మీసాలకన్నమాట! రాజుల కోట్లట! నువ్వు ఉద్యోగానికి పోతానంటే "ఆడపిల్ల చెయ్యలేదా?" అని మీ అన్నయ్యతో నీ తరఫున పోట్లాడింది నేను. నువ్వేమో నన్ను తీసుకెళ్లి మీసాల వెనక దాచావు. బస్సు కండక్టరుకైనా చెప్పావా ఈ సంచులు ఎవరివో, లేక వాడు కూడా మేస్త్రి గారికి నమస్కారాలు పంపుతున్నాడా?

ఆ కోపం అలా ఉంచు. రెండోది నా మీద నాకే. ఆ చిల్లు చూసినప్పుడు దాని అంచులు నున్నగా ఉన్నాయి. పురుగు కొడితే అంచు గరుకుగా ఉంటుంది, మేకు పడితే పోగులు వేలాడతాయి. ఇది ఏళ్ల తరబడి వేలు తిరిగి తిరిగి నునుపెక్కిన చిల్లు. చూశాను. వింతగా ఉందే అనుకున్నాను కూడా. అనుకుని, నా పనితనం చూపించుకునే తొందరలో పోగులు లాగడం మొదలుపెట్టాను. నువ్వు రాసిన మాట కూడా చదివాను. అంచు ఒక్కటీ అని రాశావు. నేనే వినలేదు.

రానీ. వచ్చి తిట్టనీ. నేను ఇంట్లోనే ఉంటాను. మీసాలు మాత్రం అంటించుకోను.

మీ వదిన

*

ముందు గది, కిటికీ పక్క నుంచి

పిచ్చికా,

కూచుని చదువు, ఇది పెద్ద ఉత్తరం.

వచ్చింది. ఆ రోజే జిరాక్సతను కూడా అడ్వాన్సు కవరు పట్టుకుని వచ్చి కూచున్నాడు. మీ అన్నయ్య అతనికి టీ ఇస్తున్నాడు. గుమ్మంలో మేనేజరమ్మ నిలబడి "మేస్త్రి గారున్నారా?" అంది. మీ అన్నయ్యకి ఏం అర్థం కాలేదు, "ఇక్కడ మేస్త్రి ఎవరూ లేరండీ" అన్నాడు. నేను లేచాను. "నేనేనండీ. మీసాలు మా ఆడపడుచు అల్లింది. శాలువా పాడుచేసింది మాత్రం నేనే" అన్నాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. సంచిలోంచి శాలువా తీసి నా చేతిలో పెట్టి, "తియ్యగలరా?" అంది.

తియ్యడం ఎంతసేపు! వేసిన పోగులు లాగేస్తే చిల్లు ఎప్పటిలా వస్తుంది. కానీ ఎక్కడని తియ్యను? కిటికీ దగ్గర పరిచాను. వెలుతురుకి ఎత్తాను. వేళ్లతో తడిమాను, కళ్లు మూసుకుని తడిమాను. నాకే దొరకలేదు, పిచ్చికా. నా చేత్తో నేను దాచిన దాన్ని నేనే కనిపెట్టలేక ఆ మేనేజరమ్మ ముందు, జిరాక్సతని ముందు, మీ అన్నయ్య ముందు చెమటలు కక్కుకున్నాను. ఈ ఒక్కసారికి నా పని కొంచెం వంకరగా ఉండి ఉంటే బాగుండేదని ఏడుపొచ్చింది. ఒక్క తెల్లదారం ముక్క కట్టి ఉంటే సరిపోయేది.

ఆవిడ మూలనున్న కుర్చీలో నీరసంగా కూలబడింది. ఆవిడ కుడిచెయ్యి ఒళ్లో ఊరికే కదులుతోంది. చూపుడువేలు వంచి, గుండ్రంగా, దేన్నో తిప్పుతున్నట్టు. అది చూశాక నాకు తట్టింది.

"అమ్మా, మీరు పడుకునేప్పుడు అమ్మగారు ఎటు కూచునేవారు?" అని అడిగాను. "ఎందుకు?" అంది. "చెప్పండి." ఎడమవైపంది. అమ్మగారు ఎలా కప్పుకునేవారో అడిగి, శాలువా నేను కప్పుకున్నాను. ఆవిడ ఎడమపక్కన, కింద చాప మీద కూచున్నాను. "మీకు అలవాటైనట్టు పడుకోండి. నన్ను చూడకండి" అన్నాను. అంత పెద్ద మేనేజరమ్మ, నలుగురిలో ఎలా పడుకుంటుంది? మీ అన్నయ్య ఏమనుకున్నాడో ఏమో, జిరాక్సతని చెయ్యి పట్టుకుని లేపి, వసారాలోకి తీసుకెళ్లి తలుపు చేరవేశాడు.

ఆవిడ చాప మీదికి దిగి పడుకుంది. తల నా ఒళ్లో పెట్టి, కళ్లు మూసుకుంది. మొదట ఒళ్లు కర్రలా బిగబట్టుకుంది. కాసేపటికి ఊపిరి నెమ్మదించింది. చెయ్యి తనంతట తనే పైకి లేచి, వెతక్కుండా, తడుముకోకుండా, నా భుజం కింద ఒక చోటికి వచ్చి ఆగింది. వేలు ఆ గుడ్డని పొడిచి లోపలికి పోబోయింది. పోలేక అక్కడే తిరుగుతోంది. "కదలకండమ్మా" అని, ఆ వేలి కొస దగ్గరే గుడ్డకి తెల్లదారంతో ముడి వేశాను. కంటికి దొరకనిది, నా చేతికి దొరకనిది, ఆవిడ వేలికి దొరికింది.

పోగులు ఒక్కొక్కటే లాగాను. చిల్లు తెరుచుకుంది. ఆవిడ వేలు పెట్టి చూసుకుని నవ్వింది. ఆ మనిషి నవ్వు చూశాను పిచ్చికా, నువ్వు చూడలేదు!

నేను అక్కడితో ఆగలేదు. ఈసారి అడిగాను, అడిగి చేశాను. "అమ్మా, దీన్ని ఇలాగే వదిలేస్తే ఏటికేడు పెద్దదవుతుంది. ఒకరోజు మీ వేలు కాదు, చెయ్యంతా పడుతుంది. చుట్టూ కాజా కుట్టు వేస్తే ఇంక పెరగదు. చొక్కా గుండీ రంధ్రానికి వేస్తామే, అదే. మీరున్నంత కాలం ఇంతే ఉంటుంది" అన్నాను. ఒప్పుకుంది. "శాలువా దారంతో వెయ్యనా, కనపడకుండా?" అన్నాను. ఆవిడ ఆ చిల్లు చుట్టూ వేలు తిప్పుకుని, "వద్దు. కనపడనీ" అంది. నా డబ్బాలోంచి తనే ఎర్ర దారం ఏరుకుంది. అమ్మ బొట్టు రంగు అంది.

కనపడే కుట్టు వేసి ఎన్నాళ్లయిందో నాకు. కిటికీ దగ్గర కూచుని ఆ చిల్లు చుట్టూ ఎర్రగా ఒక్కో కుట్టూ బిగించాను. మొదటి రెండు కుట్లూ విప్పి మళ్లీ వేశాను. దాచుకోవడానికి వీల్లేదు కదా, ప్రతి కుట్టూ లోకం చూస్తుంది. కానీ ఇంత సంతోషంగా ఏ కుట్టూ వెయ్యలేదు.

మీ అన్నయ్య ఎప్పుడు తలుపు తీసుకుని వచ్చాడో, గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆయన నీడ నా చేతి మీద పడింది. నేను తలెత్తేలోపు తనే పక్కకి జరిగాడు. మేనేజరమ్మ వెళ్లాక వసారాలో చూస్తే టీ గ్లాసు ఉంది, జిరాక్సతను లేడు. అడ్వాన్సు సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. ఏం తేల్చాడో ఏమో తెలియదు.

నీ మీద కోపం సగం పోయింది. మిగతా సగం మీసాలు తీసేస్తే పోతుంది.

మీ వదిన

*

లాండ్రీ కౌంటర్ మీద నుంచి, వెనక నుంచి కాదు

వదినా,

మీసాలు తీసేశాను. గంజిగారి ఎదురుగా నిలబడి, "పూడ్చేది మా వదినండీ. ముందు నుంచీ మా వదినే" అన్నాను. ఆయన బిగుసుకుపోయి ఏదో అనబోయాడు. ఇంతలో మేనేజరమ్మ లోపలికొచ్చింది, శాలువా కప్పుకునే. ఆవిడ కౌంటర్ మీద పరిచి, కమిలిన అంచు కాదు వదినా, ఎర్ర కుట్టు వేసిన చిల్లు చూపించింది. "ఇది చేసినావిడకి చెప్పండి, మా బ్యాంకులో అందరికీ చెప్పానని" అంది. వరసలో ఒకాయన అది చూసి, వాళ్ల నాన్న కోటు మోచేతి దగ్గర అరిగిందట, పూడ్చకుండా, ఇంక అరక్కుండా చెయ్యగలరా అని అడిగాడు. ఒక ముసలాయన తన పాత స్వెట్టరు గురించి అడిగాడు. చిరుగు వద్దనేవాళ్లే కాదు, చిరుగు కావాలనేవాళ్లు కూడా ఇంతమంది ఉన్నారని నాకేం తెలుసు?

గంజిగారు అట్ట మళ్లీ పెట్టించాడు. దాని అడుగున తన చేత్తోనే ఏదో రాశాడు. చూస్తే "మేస్త్రమ్మ" అని ఉంది. వంగడు వంగడు అనుకున్నాం, పూర్తిగా వంగాడు.

నిన్ను మీసాల వెనక దాచినందుకు క్షమించు వదినా. నీ పనిని చూసి నేనెంత గర్వపడ్డానో, ఆ పని నీదని చెప్పడానికి అంత భయపడ్డాను. ఇప్పుడు వచ్చిన ప్రతివాళ్లకీ అడక్కుండానే చెబుతున్నాను. మా నర్సు నిద్రలో కూడా వినేసిందట.

గది సంగతి ఏమైంది? అది తేల్చకుండా ఉత్తరం ముగించావు. నాకు నిద్ర పట్టడం లేదు.

పిచ్చిక

*

ముందు గది నుంచి. నా గది నుంచి,
ఎండలు మొదలయ్యాయి

పిచ్చికా,

గది సంగతి నాకూ మొన్నటిదాకా తెలియదు. అడిగితే లేదంటాడేమోనని అడగలేదు. నీ కొత్త సంచులు విప్పి పని చేసుకుంటూ కూచున్నాను. ఉన్ని బట్టలు తగ్గాయి, మేనేజరమ్మ బ్యాంకు నుంచి పట్టుచీరలు వస్తున్నాయి. అద్దె ఎంతో అంతకు మించే వస్తోంది, దాని గురించి మీ అన్నయ్య ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

మొన్న ఉదయం వీధిలో నిచ్చెన చప్పుడైంది. బోర్డులు రాసే పెయింటరు వచ్చాడు. మీ అన్నయ్య నిచ్చెన కింద నిలబడి పట్టుకున్నాడు, ఆఫీసుకు సెలవు పెట్టి! పెయింటరు పైనుంచి "ఏం రాయాలండీ?" అన్నాడు. మీ అన్నయ్య నా వైపు చూశాడు. "చెప్పు, నీ బోర్డు కదా" అన్నాడు. చేతిలో సూది కొంగుకి గుచ్చుకుని చెప్పాను.

చిరుగులు కనపడకుండా పూడ్చబడును. ఉంచమంటే ఉంచబడును. మేస్త్రమ్మ.

"రెండోది ఏంటమ్మా, చిరుగు ఉంచడానికి మీ దగ్గరికి రావడం ఎందుకు?" అన్నాడు పెయింటరు. మీ అన్నయ్య కింద నుంచి గదమాయించాడు, "చెప్పింది రాయవయ్యా! తెలిసినవాళ్లకి తెలుస్తుంది" అని. నువ్వుండి ఆ గొంతు వినాల్సింది. తనే ఆ విద్య కనిపెట్టినట్టు మాట్లాడాడు.

మధ్యాహ్నం జిరాక్సతను ఆ వైపు వచ్చాడు. బోర్డు చూసి, గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూస్తున్నాడు. నేను ఒక నీలం చీర కొంగు ఒళ్లో వేసుకుని పోగులు ఎక్కిస్తున్నాను. అప్పుడు వసారాలోంచి మీ అన్నయ్య మాట వినిపించింది.

"కాస్త పక్కకి జరగండి. మా ఆవిడ పని చేసుకుంటోంది, వెలుతురుకి అడ్డం వస్తున్నారు."

మీ వదిన